ఏరుకున్న అల్లుడు

"చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూస్తాం. మగాడు మంచోడో కాదో చేతికి చెత్త ఇచ్చి చూడాలి" అంది బీషియా, మామిడిపండు కోస్తూ.

పక్క కొట్టులో చేపలు కాల్చి అమ్మే మేయ్‌ఫెంగ్ నవ్వబోయి ఆగిపోయింది. "చెత్తకుప్పలో అల్లుణ్ణి వెతికేదానివి నువ్వొక్కదానివే అక్కా."

"ముత్యమేమన్నా పూలచెట్టుకి కాస్తుందటే?"

ఆ తీరంలో బీషియాది ఐస్ తురుము కొట్టు. వేసవి వస్తే రాజధాని తైపే నుంచి ఇసుక కనపడనంత జనం దిగుతారు. పోయేటప్పుడు సీసాలూ, కప్పులూ, స్ట్రాలూ వదిలేసి పోతారు. అవి అలలతో వెళ్లి అలలతోనే తిరిగొస్తాయి. ఊరిపెద్ద బోర్డులు పెట్టి చేతులు దులుపుకున్నాడు.

బీషియా బోర్డు పెట్టలేదు. బుట్టలు పెట్టింది. ఆదివారం పొద్దున బుట్టెడు చెత్త ఏరి, ఉప్పు పోయేలా కడిగి, ప్లాస్టిక్కు, రేకు, కాగితం దేనికది వేరు చేసినవాళ్లకు గిన్నెడు మామిడి ఐస్ ఉచితం. మరుసటి వేసవికల్లా పాత సామాను కొనే లారీ నేరుగా ఆమె కొట్టు ముందే ఆగసాగింది. ఇసుక మళ్లీ ఇసుకలా కనిపించింది. ఊరిపెద్ద మైకులో తెగ పొగిడాడు.

పొగడ్త ఆమెకు అక్కర్లేదు. ఆమె లెక్క వేరు. కూతురు రూయిన్‌కి సంబంధం కుదరాలి.

రూయిన్‌ని కొండ మీద సన్యాసినుల మఠంలో ఉంచారు. ఇంట్లోనే ఉంచుకుందామని బీషియా కాళ్లావేళ్లా పడినా బావగారు ఒప్పుకోలేదు. "పెళ్లికాని ఆడపిల్లకి మనింట్లో చోటు లేదు. తాతల నాటి నుంచీ లేదు. కొత్త ఆచారం నువ్వు పెట్టకు" అన్నాడు. మొగుడు నేలచూపులు చూశాడు.

మఠంవాళ్లు మంచివాళ్లే. అయినా పరాయి గుమ్మం పరాయి గుమ్మమే. బీషియా వారం వారం కొండెక్కి కూతురి ముందు పండ్లు పెట్టి వస్తుంది. దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ వెనక్కి చూస్తుంది.

"రాత్రి మళ్లీ అడిగిందే" అనేది మేయ్‌ఫెంగ్‌తో. "నాకంటూ ఒక ఇల్లు ఎప్పుడు చూస్తావమ్మా అని."

మేయ్‌ఫెంగ్ నిప్పుల మీద చేపను అటు తిప్పి ఇటు తిప్పేది.

బీషియా పెళ్లిళ్లు కుదిర్చేవాళ్ల గడపలన్నీ తొక్కింది. "ఓ, ఆ అమ్మాయికా?" అని, పోసిన టీ కూడా ముట్టకుండా లేచిపోయారు. అందుకే ఈ బుట్టలు.

హోటలు యజమాని కొడుకు వచ్చాడు. బుట్ట పట్టుకుని ఫొటో దిగి, బుట్ట పక్కవాడి చేతికిచ్చాడు. బీషియా మనసులోనే పేరు కొట్టేసింది. అలల మీద ఆట నేర్పే కుర్రాడు చకచకా ఏరాడు గానీ, తాను కాల్చిన సిగరెట్ పీకను ఇసుకలో గుచ్చాడు. ఆ పేరూ కొట్టేసింది.

ఆ తర్వాత బోవెన్ వచ్చాడు. స్కూటర్లు అద్దెకిచ్చే చోట మెకానిక్కు. ఉత్తరాది నుంచి ఊరికి కొత్త. వంచిన నడుము ఎత్తేవాడు కాదు. ఒకసారి సీసా మూత ఒకటి తీసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

"అదేంటయ్యా, వదిలేశావ్?"

"లోపల చిన్న పీత కాపురముంది పిన్నీ. దీనికో గవ్వ వెతికి తెచ్చాక మూత తీసుకుంటా."

ఆ ఉదయమంతా వెతికాడు. పీత మూత వదిలి గవ్వలోకి మారేదాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఆ పూట అతని గిన్నెలో మామిడి ముక్కలు రెట్టింపు పడ్డాయి.

"పెళ్లి చేసుకోవా?" అంది.

"గ్రీజు చేతులకి పిల్లనెవరిస్తారు పిన్నీ?"

"నాకో కూతురుంది. కొండ మీద మఠంలో."

"అయితే ఓ ఆదివారం దిగి రమ్మనండి. ఐస్ నేనిప్పిస్తా, మీ ఖర్చుతోనే!"

"అది రాదు బాబూ. ఎవరైనా వెళ్లి తెచ్చుకోవాల్సిందే."

"అబ్బో, మహారాణిగారా! మరి కోరికలేంటో?"

"ఏమీ కోరదు. ఎవరినీ కష్టపెట్టదు."

అమ్మేవాడు అబద్ధమాడకూడదు. కొనేవాడు అడగనిది చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్లూ ఆమె వ్యాపారం ఆ సూత్రం మీదే నడిచింది. అయినా ఆ పూట కొట్టు పెందలాడే కట్టేసింది.

తర్వాతి ఆదివారం అందరికంటే ముందే ఇసుకలోకి దిగి, ఒక ఎర్ర కవరు పడేసి, పడవ చాటున నిలబడింది.

ముందు వచ్చిన ఊరి కుర్రాళ్లు దాన్ని చూశారు. పామును చూసినట్టు చుట్టూ తిరిగి పోయారు. వెనకాల బోవెన్ తల దించుకుని ఏరుకుంటూ వచ్చాడు. అలవాటు పడిన చేయి ఆగలేదు. కాగితమైతే ఒక బుట్ట, లోపల ప్లాస్టిక్ ఉంటే ఇంకో బుట్ట. తీశాడు. విప్పి చూశాడు.

ఎర్రదారంతో కట్టిన జుట్టుపాయ. నవ్వుతున్న అమ్మాయి ఫొటో.

అప్పుడాగింది ఆ చేయి. దారిలో పడేసిన అలాంటి ఎర్ర కవరు ఎత్తినవాడే లోపలున్న పిల్లకి మొగుడని అక్కడ అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

బీషియా పడవ చాటు నుంచి బయటికి వచ్చింది. బేరంలో ఏనాడూ తగ్గని మనిషి తడి ఇసుకలో మోకాళ్ల మీద కూలబడింది.

"పారేసినా నిన్నేమీ అనను బాబూ, ఉంచుకుంటే మాత్రం, పెళ్లి కాకుండానే ఈ సముద్రం మింగేసిన నా పిల్ల పేరు రాసి మఠంలో పెట్టిన పలకను తెచ్చి, నీ పెళ్లాంగా మీ ఇంట్లో పోయిన పెద్దల పలకల పక్కన నిలబెట్టి, ఏడాదికో అగరుబత్తి వెలిగించు, చాలు" అంది.