ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన డబ్బా

ఆళ్లగడ్డ ఆఫీసు మూసేసినారు. ఆడి కంప్యూటర్ ఫైళ్లన్నీ దాచే స్టోరేజీ డబ్బాను నిన్న బస్సులో నంద్యాలకు తెచ్చినా. నా బల్ల మీదే ఉంది, ఒక్క వైరూ తగిలించలేదు.

రాత్రి సర్వర్‌లో దాని పాత కనెక్షన్ తీసేద్దామని లినక్స్‌లో కమాండ్ కొట్టినా. కుదరదనింది, ఇంకా ఎవరో వాడతాండారంట. పేరు చూస్తే ఏలియా.

పోయినేడు ఆ డబ్బానే బాగుచేస్తా కరెంటు షాక్ కొట్టి పోయినోడు ఏలియా. తప్పంతా వానిదేనని సార్లు రిపోర్టు రాసినారు. సాక్షి సంతకం నాది.

వాడు తెరిచిన ఫైలు ఏదా అని చూస్తే, ఆ రిపోర్టే. నేనూ తెరిచినా. నా సంతకం కింద ఒక్కో అక్షరమే పడతాండాది. పోయిన పొద్దు వాడు నన్ను ఫోన్లో అడిగిన మాటే.

"అన్నా, మెయిన్ స్విచ్ ఆపినావా?"

ఆ పొద్దు స్విచ్ కాడికే పోకుండా, టీ అంగట్లో కూర్చొని చెప్పినట్టే, 'ఆపినా' అని కొట్టినా.

బల్ల మీద డబ్బాకు పచ్చలైటు వెలిగింది.