మార్జిన్లు శుభ్రం చేశాను

తొంభైకి దగ్గరపడిన ఒకావిడ మా యూనివర్సిటీ పాత ప్రతుల గదికి వచ్చి, ఒకప్పుడు ఇక్కడ చదివిన వాళ్ళన్నయ్య లెక్కల నోట్సు చూపించమంది.

వారం రోజులు నడుం విరిగేలా కూర్చుని దాన్ని బాగుచేసింది నేనే. గర్వంగా తెచ్చి ముందు పెట్టాను.

ఆవిడ నాలుగు పేజీలు తిప్పి, మార్జిన్లు వేలితో తడిమింది. "ఇక్కడ పెన్సిల్ రాతలుండాలే?"

"ఎవరో పేజీపేజీకీ గిలికి పెట్టారండీ. ఒక్కటీ మిగలకుండా రబ్బరుతో తుడిచేశాను."

ఆవిడ నోట్సు మూసేసింది.

"అప్పట్లో ఆ క్లాసులో ఆడపిల్లల్ని చేర్చుకోలేదమ్మా. అన్నయ్య పాఠం రాసుకొచ్చేవాడు. వాడికి కొరుకుడుపడని లెక్కలన్నీ పక్కన నేను చేసిపెట్టేదాన్ని. సిరా ఒలకబోస్తావంటూ ఇంట్లో నాకు పెన్సిలే ఇచ్చేవారు."



వెళ్ళేముందు రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. పాత కాగితాల మీద మరక పడితే పోదని ఆ గదిలో పెన్నులు నిషేధం. అయినా బల్లమీది పెన్సిల్ పక్కకు నెట్టి, నా సంచీలోంచి పెన్ను తీసిచ్చాను.

ఆవిడ పెన్నువంక చూసి, పెన్సిలే అందుకుంది.

"వద్దులేమ్మా. సిరా అయితే తుడవడానికి మీకు కష్టం."