ఆ ఒక్క చెయ్యి

జూన్ పద్నాలుగున కొత్త కోడలు ఆ ఇంట్లో మొదటిసారి వండింది పచ్చసొనల వేపుడు. మామగారు కంచం ఖాళీ చేసి, "బ్రహ్మాండం అమ్మా" అన్నారు. అప్పట్నుంచి దాదాపు రోజూ అదే.

వేరే దారి లేదు మరి. ల్యాబ్‌లో ఆమె పని తెల్లసొనతో. దాన్ని పల్చటి పొరగా ఆరబెట్టి, ఆ పొర మీద చర్మకణాలు పెంచాలి. ఏనాటికైనా కాలిన గాయాల మీద అతికించే చర్మం అలా తయారవ్వాలని ఆమె ఆశ. పొద్దున్నే వంటింట్లో గుడ్లు పగలగొట్టేది. తెల్లసొన సీసాలోకి, పచ్చసొన బాణలిలోకి. పారబోయడానికి ప్రాణం ఒప్పేది కాదు. భర్త పెళ్ళయిన నెలకే ఉద్యోగానికి ఓడ ఎక్కాడు. తినడానికి మిగిలింది వీళ్ళిద్దరే.

పొర మీద కణాలు నారుమడిలా పరుచుకున్నాయి. చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఉత్త పొర ముక్కని మనుషుల చేతులకు అంటించి చూడాలి. ఎవరికీ ఏమీ కాకూడదు. తోటివాళ్ళు చేతులు చాపారు. "నా చెయ్యీ ఖాళీగానే ఉందిగా" అంటూ మామగారూ వచ్చారు. ఒంటికి ఏవైనా పడవా అని, అడగాల్సినవన్నీ అడిగాకే అంటించింది. "నాకు రాళ్ళు పెట్టినా పడతాయమ్మా" అని నవ్వారాయన.

అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి. ఆయన చెయ్యి మాత్రం ఎర్రగా పొంగింది.

"అందరికీ ఇలాగే ఉందా అమ్మా?"

పెద్దాయన్ని నొప్పించడం ఎందుకని, "అందరికీ ఇంతే మామయ్యా" అంది.

పొరని ఇంకా బాగా కడిగింది. మళ్ళీ ఆ ఒక్క చెయ్యే. నీళ్ళు మార్చింది, ఆరబెట్టే పళ్ళేలు మార్చింది. మళ్ళీ అదే. పళ్ళేలు నేలకేసి కొట్టాలనిపించింది.

"ఒక్కరికి పొంగినా పొంగినట్టే" అంది ల్యాబ్ పెద్దావిడ. "రేపు మీటింగులో ఆపేయమనే చెప్తాను. నీ రెండేళ్ళ కష్టం, నాకు మాత్రం బాధ లేదా?"

"ఇంకొక్కసారి చూస్తాను మేడమ్."

"ఎన్ని ఒక్కసార్లమ్మా!"

ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకి విసిరింది. అన్న పెళ్ళి తర్వాత మొదటిసారి ఆడపడుచు వచ్చి ఉంది, చంకలో పసిపిల్లతో. ఆమెని పలకరించి, కోపమంతా ఉల్లిపాయల మీద తీర్చుకుని, వేపుడు దించింది.

"ముఖం అలా ఉందేమ్మా?" అన్నారు మామగారు, కంచం ముందు కూర్చుంటూ.

'మీ చెయ్యే నా కొంప ముంచింది' అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. "ఏం లేదు మామయ్యా. ఎండ."

"అయితే ఇంకాస్త వేపుడు వెయ్యి. చల్లారితే రుచి పోతుంది."

ఆయన తిని, చెయ్యి కడుక్కుని, వీపు గోక్కుంటూ గదిలోకి వెళ్ళారు. పిల్లని నిద్రపుచ్చి ఆడపడుచు అప్పుడొచ్చింది, ఆకలిగా గిన్నె మూత తీస్తూ.

"ఏం కూర వదినా?"

"పచ్చసొనలు. మామయ్యకి మహా ఇష్టం. ఇవాళా మారు అడిగారు."

"అదేంటి వదినా, గుడ్డు తగిలితే చాలు ఒళ్ళంతా దద్దుర్లెక్కే మనిషి, నాన్న అడిగి మరీ మారు వేయించుకోవడమేంటి?" అని ఆడపడుచు నోరు తెరిచి చూస్తుంటే, పక్కగదిలో మామగారు తలుపు మెల్లగా వేసుకున్నారు.