దద్దమ్మ పాట

బస్సెక్కగానే కండక్టర్ గుర్తుపట్టేశాడు.

"అరె, మీరు దద్దమ్మ పాట అంకుల్ కదూ!"

బస్సంతా అటు తిరిగింది. వెనక సీట్లో ఎవరో అప్పుడే ఫోన్లో ఆ వీడియో పెట్టేశారు. అద్దాల కొట్టాయన రెండు వేళ్ళు చూపించి టిక్కెట్లు తీసుకున్నాడు. మఫ్లర్ గడ్డం దాకా లాక్కుని కిటికీ వైపు తిరిగిపోయాడు. ఒకప్పుడైతే ఆ కండక్టర్‌కి చెవుల తుప్పు వదిలిపోయేది.

"పోనిద్దురూ, వాళ్ళ సరదా వాళ్ళది," అని గొణిగింది పక్కన భార్య.

ఆ పాట పుట్టింది ఆయన కొట్టు ముందే. నిరుడు కూతురు వ్యాన్ నేర్చుకుంటూ, వెనక్కి తీయబోయి కరెంటు స్తంభాన్ని గుద్దింది. వ్యాన్లో ఉన్న నిలువుటద్దాలన్నీ భళ్ళున రాలాయి. ఆయన నలుగురూ చూస్తుండగా, నడివీధిలో, కన్నకూతుర్ని కడిగిపారేశాడు.

"తప్పుకో! తాళాలిటు పారెయ్! నా కొంప ముంచావు కదే, దద్దమ్మా!"

ఎదురు మేడ మీంచి ఎవరో ఫోన్లో పట్టారు. ఇంకెవరో దానికి ఓ ప్రేమ పాట తగిలించారు. అంతే, వీడియో ఊళ్ళు దాటిపోయింది.

కూతురూ ఊరు దాటిపోయింది. ఎక్కడో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. అక్కడా అందరూ దద్దమ్మా అనే పిలుస్తున్నారట. తల్లి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"తప్పు నాదే అని నాన్న తన నోటితో ఒక్కసారి అననీ అమ్మా. మర్నాడే వస్తాను."

ఆ ఒక్క మాటా ఆయన నోట్లోంచి రాలేదు. పైగా ఇంటి సంగతులేవీ పిల్ల చెవిన వేయొద్దని భార్య చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. జనం నవ్వుల్ని ఎలాగోలా దిగమింగేవాడు. ఆ తిట్టే నోరు తనదేనన్నది మాత్రం మింగుడుపడేది కాదు. పాట వినపడితే చాలు, ఎవరో బజార్లో బట్టలూడదీసి నిలబెట్టినట్టు ముడుచుకుపోయేవాడు.

వాకబు చేయగా చేయగా, ఆ వీడియో చేసిన అమ్మాయి అడ్రసు దొరికింది.

తలుపు తీసిన అమ్మాయి ఆయన్ని చూడగానే పాలిపోయింది. మెళ్ళో హెడ్‌ఫోన్స్ జారిపోయాయి.

"అంకుల్! మీరా..."

"భయపడకమ్మా, ఈయనేమీ అనరు," అంది భార్య, మెట్లెక్కిన ఆయాసంతో.

లోపల ఇరుకు గది. మంచం మీద మడత పెట్టని బట్టలు, బల్ల మీద కంప్యూటర్. కంగారులో అమ్మాయి నోటికొచ్చినట్టు చెప్పుకుపోయింది.

"ఎగతాళికి చెయ్యలేదంకుల్, ఒట్టు! మీ కేక ఆ పాట శ్రుతికి అచ్చంగా సరిపోయింది. పాట పాడే ఆవిడ దగ్గరికి రమ్మంటుంది, మీరు తప్పుకో అంటారు. అద్దాలు పగిలిన చప్పుడేమో సరిగ్గా దరువు మీద పడుతుంది. ఎక్కడెక్కడివో రెండూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది కదా! ఇదిగో చూడండి."

తెర మీద ఆయన గొంతు రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా పరుచుకుంది.

"ఇది తప్పుకో. ఇది నా కొంప. ఇది కదే. చివర్న ఈ పెద్దది దద్దమ్మా. ఎక్కడ కావాలంటే అక్కడ కోసి, ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవచ్చు."

ఆయన ముందుకు వంగాడు. అద్దం కోయాల్సిన చోటు చూపించినట్టు, మొదటి మాట మధ్యలో వేలితో నిలువుగా గీత గీశాడు. మళ్ళీ అక్కడే, ఈసారి గట్టిగా గీశాడు.

అమ్మాయికి అది కోపంలా కనిపించింది.

"సారీ అంకుల్. ఇప్పుడే తీసేస్తాను. నా దగ్గరున్న అసలు వీడియో కూడా చెరిపేస్తాను, సరేనా?" అంటూ మౌస్ మీద చెయ్యేసింది.

ఆయన గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. తలెత్తలేదు. రెండో చేత్తో మఫ్లర్ విప్పాడు.

"తీసెయ్యకు తల్లీ," అంది భార్య, ఆయన మెడ మధ్యలో ఆపరేషన్ మిగిల్చిన కంత చూపిస్తూ, "ఈయన గొంతు ఇక లోకంలో ఉన్నది ఆ తిట్లలోనే, వాటినే ముక్కలు కోసి, మా పిల్లతో 'తప్పు నాదే, అమ్మా' అని ఈయన చేత ఒక్కసారి అనిపించి పెట్టు."