ఊపిరి తీసుకునే చోటు

సగం ధరకు వచ్చిన కాగితాన్ని ఏ ప్రింటరూ మనస్ఫూర్తిగా మింగదు.

రెండు పేజీలు బుద్ధిగా ఇస్తుంది. మూడోదాన్ని నమిలి, ముడతలు పెట్టి, సగం లోపలే దాచుకుని ఎర్రలైటు వెలిగిస్తుంది. ఇక ఎవరో ఒకరు దాని నోట్లో చెయ్యి పెట్టాలి.

ఆ ఇంట్లో ఆ ఎవరో ఒకరు కోడలు.

కాగితం పసుపు రంగుది. మామయ్యగారి పాత ఆఫీసులో ఎవరికీ అక్కర్లేక మూలపడ్డ కట్టలు. "రాసుకునేదానికి రంగుతో పనేముంది?" అంటూ ఆయన కారు డిక్కీ నిండా వేసుకొచ్చారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో కూరగాయల చీటీ కూడా పసుపే.

రిటైరయ్యాక మామయ్యగారు కాలనీలో బృందగానం మొదలుపెట్టారు. పాట ఆయనదే. బాణీ ఆయనదే. ముందు నిలబడి చేతులూపేదీ ఆయనే. పాడే కష్టం మాత్రం ఇతరులకు వదిలేశారు.

ఆయన చేత్తో రాసిన స్వరాల్లో హెచ్చు స్థాయిలో పాడే పై గొంతు, తగ్గు స్థాయిలో పాడే కింది గొంతు ఒకే గీతల మీద, రద్దీ బస్సులో జనంలా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఉంటాయి. కింద మాటలు పై గొంతుకే. కింది గొంతువాళ్ళు పక్కవాళ్ళ నోళ్ళు చూసి పాడుకోవాలి.

అత్తయ్యది కింది గొంతు.

పోయినసారి స్టేజీ మీద రెండో చరణంలో, ఎక్కడా ఆగకుండా సాగే లైనులో, ఆమెకు ఊపిరి చాలక పాట మధ్యలో తెగింది.

"ఈసారీ తెగేటట్టయితే స్టేజీ ఎక్కకు. కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టు," అన్నారు మామయ్యగారు, అందరి ముందూ.

అత్తయ్య ఆ రోజు నుంచి ఆ లైను పాడుకుంటూ ఇంట్లో మెట్లెక్కుతోంది. రోజూ మలుపు దగ్గర ఆగిపోతోంది.

అందుకని ఈసారి ఆ పాటను కోడలు కంప్యూటర్లో ఎక్కించి, పసుపు కాగితాల మీద కాపీలు తీసింది. కింది గొంతుకు వేరే గీతలు. వాటి కింద వాళ్ళ మాటలు. పొడుగాటి లైన్లలో అక్కడక్కడా, గీతల పైన, కామా లాంటి చిన్న గుర్తు.

మామయ్యగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమిటమ్మా ఈ తోకలు?"

"ఊపిరి తీసుకోవాల్సిన చోట్లు మామయ్యా."

"నా పాటలో ఊపిరి ఎక్కడ రాశాను?"

"రాయలేదనే పెట్టాను."

"ఊపిరి పీల్చమని కాగితం మీద రాస్తారా ఎవరైనా? రేపు కళ్ళార్పమని కూడా రాస్తావు. తీసేసి మళ్ళీ ప్రింట్ చెయ్యి."

"చెయ్యను."

అంతవరకూ ఆ ఇంట్లో ఆయనకు ఎదురుతిరిగింది ప్రింటరొక్కటే.

సోఫాలో ఉన్న అబ్బాయి, అంటే కోడలి భర్త, ఉన్నట్టుండి ఛార్జర్ వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. ఛార్జర్ ఫోనుకే వేలాడుతోంది.

"చెయ్యవా?"

"చెయ్యను మామయ్యా. ఆ గుర్తుల్లేకుండా కావాలంటే మీరే ప్రింట్ తీసుకోండి."

మామయ్యగారు ప్రింటర్ వంక చూశారు. ప్రింటర్ ఎర్రలైటుతో ఆయన వంక చూసింది. అయినా, కాపీలన్నీ మళ్ళీ తీస్తే ఇంకు దండగ.

ఆయన వైట్‌నర్ సీసా తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. అదీ పాత ఆఫీసుదే. ఒక్కో గుర్తు మీద ఒక్కో చుక్క.

మంచినీళ్ళు పెట్టడానికొచ్చిన అత్తయ్య, ఆరిన కాగితం ఒకటి చేతిలోకి తీసుకుంది. వేలితో మెల్లిగా తడిమింది. కోడలి వంక చూసింది.

"ఒక్కటి కూడా వదలకండి," అంది భర్తతో.

"నువ్వు చెప్పాలా నాకు?"

"కింది గొంతువి కూడా చూడండి. చిన్నవి, కంటికి ఆనవు."

"చూస్తున్నాగా!"

"ఇదిగో, ఇక్కడొకటి మిగిలింది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, దాని మీద ఇంకాస్త దట్టంగా వేశారు.

కార్యక్రమం రోజు కాపీలు పంచింది అత్తయ్యే. ఒక్కొక్కళ్ళ చెవిలో ఒక్క మాట చెప్పి మరీ పంచింది.

స్టేజీ లైట్లు వెలిగాయి. పసుపు కాగితాల మీద తెల్లచుక్కలు, రద్దీ బస్సులో ఖాళీ సీట్లలా కనపడ్డాయి.

మామయ్యగారు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని చేతులూపారు.

రెండో చరణం. పొడుగాటి లైను. చుక్క రాగానే కింది గొంతువాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. వాళ్ళ మధ్యలో అత్తయ్య.

ఆమె గొంతు లైను చివరిదాకా వెళ్ళింది. అక్కడ ఇంకాసేపు నిలబడింది.

మామయ్యగారి చేతులు దిగిపోయాక కూడా.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆయన అన్నారు: "చూశావా అమ్మా! నీ తోకలు లేకుండానే ఎంత బాగా పాడారో!"

"చూశాను మామయ్యా."

"మనుషుల మీద నమ్మకం ఉండాలమ్మా."

అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. నవ్వు బయటికి వినపడకుండా ఉండాలంటే దాన్ని ఎంత తిప్పాలో ఆమెకు తెలుసు.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ ఊపులో మామయ్యగారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పూర్తి ధర పెట్టి కాగితం కొన్నారు. పాలలాంటి తెల్లకాగితం. కొత్త పాట లైన్లు మరీ పొడుగు. కోడలు గుర్తులు పెట్టకముందే వైట్‌నర్ సీసా బల్ల మీదికి వచ్చేసింది.

ఏం చేద్దామని కోడలు అత్తయ్యనడిగితే, "నాకెందుకు కాగితం? ఎక్కడ పీల్చుకోవాలో కంఠతా వచ్చేసింది. మిగతావాళ్ళ సంగతి చూడు," అంది.

ఆ మాట మెట్ల మలుపు దాటాక, పైనుంచి వినిపించింది.

ఆ మిగతావాళ్ళ కోసమే, కోడలి తరఫున మిమ్మల్ని బతిమాలుకోవడం. తెల్లకాగితం మీద కనపడే తెలుపు ఎక్కడైనా దొరికితే, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి బాబూ.