నలభై ఒకటో గొయ్యి

మాటల్లో తీపి ఎక్కువని మా బావమరిదికి పంచదార అని పేరు పడింది. ఐదో తరగతితో బడి మానేసిన నా చేత చదవని కాగితం మీద సంతకం పెట్టించి, నా పొలాన్ని శ్మశానానికి అమ్ముకున్నది అతనే. ఇప్పుడు అదే శ్మశానానికి నేను రాత్రి కాపలా.

కాపలాతోపాటు కంప్యూటర్ పని కూడా అంటగట్టారు. ఒక నిలువు వరుసలో గోతుల నంబర్లుంటాయి. ఆ నంబరును ఫార్ములాతో కంప్యూటర్లోనే ఉన్న చావుల రిజిస్టరులో వెతికించి, పోయినవారి పేరు పక్క గడిలోకి తెప్పించాలి. నిన్న రాత్రి, ఇంకా తవ్వని నలభై ఒకటికి ఎదురుగా మా బావమరిది పేరు వచ్చింది.

"ఫార్ములా చివర సున్నా మరిచిపోతే, అసలుది దొరక్కపోయినా దగ్గర్లోది పట్టుకొచ్చేస్తుంది బాబాయ్" అని పగటి గుమాస్తా ముందే చెప్పాడు. సున్నా పెట్టాను. పేరు కదల్లేదు. రిజిస్టరు తెరిచి చూస్తే అతని పేరు అందులోనే ఉంది. పక్కన పోయిన తేదీ గడిలో ఆ రోజు తేదీయే ఉంది.

కక్ష ఎంతున్నా ఫోన్ చేశాను.

"ఏం బావా, సమాధుల మధ్య భయమేసిందా?" అని నవ్వాడు.

"ఎక్కడున్నావు?"

"మంచం మీద. అవునుగానీ, ఈ వేళప్పుడు గొయ్యి తవ్విస్తున్నావేంటి? పార చప్పుడు వినబడుతోంది."

కిటికీ తీశాను. నలభై ఒకటి దగ్గర నేల చదునుగానే ఉంది. ఎక్కడా అలికిడి లేదు.

"ఇక్కడ ఎవరూ తవ్వట్లేదురా."

అటువైపు మంచం కిర్రుమంది. తర్వాత మెల్లగా, "ఫోన్లోంచి కాదు బావా. మంచం కిందనుంచి" అన్నాడు.

పేరు చెరిపితే ఆగుతుందేమో అనిపించి, డిలీట్ మీట మీద వేలు పెట్టాను. ఎదురుగా గోడకు శ్మశానం పటం వేలాడుతోంది. దాని అడుగున నా పొలం కొలత రాసి ఉంది. ఎకరా పదిహేడు సెంట్లు. వేలు నొక్కకుండా అక్కడే ఆగిపోయింది.