రానివాళ్ల కుర్చీ

“ఇంకొంచెం నెమ్మదిగా చదువమ్మా,” అన్నాడు మాస్టారు ఫోన్లో.

“నెమ్మదిగానే చదువుతున్నాను సార్. కానీ ఐదింటికి మా వెబ్‌సైట్లోంచి ఈ పేజీ తీసేస్తున్నారు. ఇంకా పావుగంటే ఉంది,” అంది టికెట్ల కంపెనీ హెల్ప్‌లైన్ అమ్మాయి.

“అందుకే నా తొందర కూడా. చివర్లో ఒక వాక్యం ఉండాలి. అది ఉందో లేదో తెలుసుకోవాలి.”

“ఏ వాక్యమో చెప్పండి, వెతికేస్తాను.”

“వద్దమ్మా. వరసగా వింటేనే నాకు తలకెక్కుతుంది. బడి అలవాటు.”

బడి స్వర్ణోత్సవ విందు రేపే. టికెట్లన్నీ ఆన్‌లైన్లో అమ్ముడుపోయాయి. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చూసే పని మాస్టారిది. బయట వాన. హాల్లో తెల్లగుడ్డలు పరిచిన ఇరవై గుండ్రటి బల్లలు ఆ మసక వెలుగులో నీళ్ల మీద తేలుతున్నట్టున్నాయి. కాసేపు కన్నార్పకుండా చూస్తే మెల్లగా కదులుతున్నట్టు కూడా అనిపిస్తోంది. ఆయన చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు స్పీకరు పెట్టిన ఫోను, ఒక పాత నోటుపుస్తకం. చేతిలో ఎర్ర పెన్సిలు.

“కంప్యూటర్ లేదా సార్ మీ దగ్గర? మీరే చూసుకుంటే తేలిక కదా.”

“ఉంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను.”

బల్లలు సర్దే ఆవిడ అటుగా వెళ్తూ ఆయన చొక్కా జేబువైపు వేలు చూపించింది. కళ్లజోడు అందులోనే ఉంది. మాస్టారు చూడనట్టు కిటికీవైపు తిరిగాడు.

“సరే వినండి. ‘గాలా విందు టికెట్లు, బల్లల కేటాయింపు: ముఖ్యమైన పదాలు.’ మొదటిది, హోల్డ్. అమ్మకుండా కుర్చీని కొంతసేపు ఆపి ఉంచడం. బస్సులో కిటికీ సీటు మీద...”

“జేబురుమాలు వేసినట్టు.”

“అరె, మీకెలా తెలుసు?”

“అందరం వేసినవాళ్లమేగా.”

అమ్మాయి నవ్వింది. “ప్లస్ వన్. పిలిచినవాళ్లు వెంట తెచ్చుకునే మనిషి. పేరు తెలియకపోయినా కుర్చీ వేయాలి. తర్వాత చెక్-ఇన్. గుమ్మం దగ్గర తీసుకునే హాజరు. ఇక్కడ ‘వచ్చాను సార్’ అని అరవక్కర్లేదు, టికెట్ చూపిస్తే చాలు.” ఆగింది. “ఎంత ముద్దుగా రాశారో సార్! కొత్త పేజీలో ఇలాంటివేం ఉండవు. రెండేసి ముక్కల్లో అర్థం చెప్పేస్తారు, అంతే.”

“ఊఁ.”

“రాసినావిడ ఉంటే ఒప్పుకునేవారు కాదేమో. పోయిన చలికాలం చనిపోయారట. నేను చేరకముందే. ఆవిడ సీటే నాకిచ్చారు.”

వాన చప్పుడు హాలంతా పరుచుకుంది.

“కిటికీ పక్కనా?” అన్నాడు మాస్టారు.

“అవును సార్. ఇక్కడా వానే. అందుకే గట్టిగా చదువుతున్నాను.”

“బాగా చదువుతున్నావు. తర్వాత?”

“టేబుల్ హోస్ట్. తన బల్ల దగ్గర అందరూ కూర్చున్నారని చూసుకుని ఆఖరున కూర్చునే మనిషి. క్లాసు లీడరు లాంటివాడే, కాకపోతే పితూరీలు చెప్పకూడదు.”

ఈసారి మాస్టారు కూడా నవ్వాడు. పెన్సిలు నోటుపుస్తకంలో ఇంకాస్త కిందికి దిగింది.

“మాస్టారూ,” అంది బల్లలు సర్దే ఆవిడ వెనక నుంచి. “ఈ బల్లకి ఏడుగురే అని రాసిచ్చారు. ఎనిమిదో కుర్చీ తీసేయనా? దారికి అడ్డం.”

“ఒక్క ఐదు నిమిషాలు ఆగమ్మా.”

“కుర్చీ తీయడానికి కూడా ఫోన్లో అడగాలా!” అని ఆవిడ దానిమీదే కూలబడింది.

“ఇంకొక్కటే ఉంది సార్,” అంది ఫోన్లో అమ్మాయి. “నో-షో. టికెట్ ఉండి కూడా రానివాళ్లు.”

పెన్సిలు ఆగిపోయింది.

“అంతేనా?”

“అంతే సార్.”

“ఇంకేం లేదా? సరిగ్గా చూడమ్మా.”

“ఉండండి, కిందికి జరుపుతాను... ఆఁ, ఉంది సార్! ‘కుర్చీ మాత్రం వెంటనే తీసేయకండి. విందు అయ్యేదాకా అది వాళ్లదే.’”

కిటికీ అద్దం మీద ఒక చినుకు జారుతూ జారుతూ మధ్యలో ఆగి, మళ్లీ జారింది.

“సార్? లైన్లో ఉన్నారా?”

“ఉన్నానమ్మా. అయితే ఉంచేసిందన్నమాట.”

“ఏంటి సార్? వినపడలేదు. అయ్యో, ఐదయింది. పేజీ పోయింది సార్.”

“పోనీలే. విన్నానుగా. చల్లగా ఉండు తల్లీ.”

ఫోను పెట్టేశాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. నోటుపుస్తకంలో అదే చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేస్తూ ఒక ఎర్రగీత, పక్కన ‘అనవసరం’ అని ఎర్ర అక్షరాలు ఉన్నాయి. రబ్బరు తీసుకుని, కాగితం చిరగకుండా, ముందు ఆ మాటను చెరిపాడు. తర్వాత గీతను.

బల్లలు సర్దే ఆవిడ మెడ చాచి తొంగిచూసింది. “ఆ పిల్ల చదివినవన్నీ ఇందులోనే ఉన్నాయి! ఇప్పుడు రాసుకుంటున్నారనుకున్నాను. ఇవి పాత రాతల్లా ఉన్నాయే?”

“పాతవే.”

“మరి ఆ పిల్లని ఊరికే ఎందుకు కూర్చోబెట్టి చదివించారు?”

“ఎవరైనా పైకి చదువుతుంటే దిద్దడం నాకలవాటు.”

“బాగుంది వరస! ఆ ఎర్ర దిద్దుబాట్లు మీవి, సరే. ఈ నీలం సిరా, గుండ్రటి అక్షరాలు?”

మాస్టారు లేచాడు. ఆవిడా లేచింది. ఆయన ఎనిమిదో కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, జేబురుమాలు మడత విప్పి దానిమీద వేశాడు.

“మా అమ్మాయివి,” అన్నాడు.